పడవ మార్చే ముందు ఒడ్డున వేయాల్సిన లెక్క

కావలి నుంచి తూర్పుగా వెళ్లి తుమ్మలపెంట ఒడ్డున నిలబడితే ఇసుక, ఇసుక అంచునే విరుచుకుపడే కెరటం, ఆ వెనక సముద్రం కనిపిస్తాయి. పడవను మనుషులు భుజం ఆనించి నీళ్లలోకి తోయాలి. తిరిగొచ్చాక మళ్లీ మనుషులే ఇసుక మీదికి లాగాలి. ఇలాంటి తీరంలో ఏ పడవ మంచిదన్న ప్రశ్నకు సగం జవాబు అది నీటిని తాకకముందే తేలిపోతుంది. ఎంత వేగంగా పోతుంది, గాలికి ఎంత ఎదురెక్కుతుంది, ఎంత బరువు మోస్తుంది అన్నవన్నీ తర్వాతి మాటలు. దాన్ని నీళ్లలో దించడానికి ఎన్ని చేతులు కావాలి? ఆ చేతులు మీకు రేపు పొద్దున దొరుకుతాయా? ఎవరు పడవ మారుస్తామని వచ్చినా నేను మొదట అడిగేది ఇదే.

ఈ అధ్యాయం అలాంటి ఒక నిర్ణయం గురించి. మీ దగ్గర చిన్న తెరచాప పడవ ఉంది. దాన్ని ఇచ్చేసి తెరచాప బిగించిన కయాక్ తీసుకుందామా అని ఆలోచిస్తున్నారు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. దానికి చిన్న కొయ్య, కొయ్యకే చుట్టిపెట్టుకునే తెరచాప అమర్చుతారు. కొన్నిటికి రెండు పక్కలా దన్నుగా తేలే చిన్న దోనెలు ఉంటాయి, కొన్నిటికి గాలి పడిపోయినప్పుడు కాళ్లతో తొక్కే రెక్కలు కూడా ఉంటాయి.

తెలుగువాళ్లలో ఈ ఆలోచన చేసేవాళ్లు రెండు రకాలు. హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పట్టడం నేర్చుకున్నవాళ్లు, డల్లాస్ పక్కన లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ జలాశయాల మీద శని ఆదివారాలు పడవ నడిపేవాళ్లు ఒక వైపు. కావలి, బోగోలు మండలాల తీరంలో పడవ మీదే బతికే వేట కుటుంబాలు రెండో వైపు. వాళ్ల ముందున్నది కయాక్ కాదు, ఫైబర్ తెప్ప. మొదటివాళ్లకు పడవ సరదా, రెండోవాళ్లకు అన్నం. అయినా ఇద్దరినీ ఒకే అధ్యాయంలో కూర్చోబెడుతున్నాను. ఉన్న పెద్దదాన్ని వదిలి చిన్నదానికి దిగాలా అన్న చోట ఇద్దరి మనసూ ఒకేలా తడబడుతుంది. పైగా ఈ విషయంలో సరదా పడవవాళ్లు నేర్చుకోవాల్సినది చాలావరకు వేటకు పోయేవాళ్ల దగ్గరే ఉంది.

మోటార్లు రాకముందు మన కోస్తాలో రెండు రకాల పడవలు పక్కపక్కనే బతికాయి. ఒకటి పలకలతో చేసిన పడవ. దానికి లోపల అనేది ఉంటుంది. అందులో మనుషులు కూర్చోవచ్చు, వల పెట్టుకోవచ్చు, చేపలు పోసుకోవచ్చు. కానీ కెరటం లోపలికొస్తే తోడాలి, దించాలన్నా ఎక్కించాలన్నా మంది కావాలి. రెండోది తెప్ప. తేలిక దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టేవాళ్లు. దానికి లోపల అంటూ ఏమీ లేదు. అల మీదికొస్తుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. తోడాల్సిన నీళ్లే ఉండవు. బోల్తా పడితే తిప్పుకుని మళ్లీ ఎక్కుతారు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి, దుంగలను విడివిడిగా మోసుకెళ్లి ఎండబెడతారు, నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కి మర్నాడు పనికిరాదు గనుక. ఆ తెప్పకూ తెరచాప ఉండేది. తెడ్డే చుక్కాని. గాలికి పక్కకు కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక కూడా ఉండేది.

ఇప్పుడు పైన కూర్చుని నడిపే తెరచాప కయాక్‌ను తిప్పి చూడండి. మూసేసిన తొట్టి, పైకొచ్చిన నీళ్లు కిందికి పోయే కన్నాలు, నడిపేవాడు నడుము దాకా తడవడం, ఒకరిద్దరితో దించగలగడం. రంగుల ప్లాస్టిక్‌ను పక్కన పెడితే ఇది స్వభావంలో తెప్పే. కాబట్టి పలకల పడవా, తెప్పా అన్న ప్రశ్నను మన తీరం తరతరాలుగా ఆలోచించింది. తెప్ప చవక, ఆ మాట నిజమే. కానీ చవకదనం ఒక్కటే అయితే అది అన్ని తరాలు నిలిచేది కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులున్న ఇంటికి, రేవు లేని ఒడ్డుకు, విరిగే అలల వరసకు అది సరిపోయింది. పలకల పడవకు మంది దొరికిన చోట పలకల పడవ నిలిచింది.

తర్వాత వచ్చిన ఇంజనీర్లూ ఒడ్డు దగ్గరే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం మన తీరానికి కొత్త పడవలు తయారు చేయాలనుకున్నప్పుడు, ముందు పట్టుకున్న సమస్య వేగం కాదు. అలలు దాటి ఇసుక మీదికి క్షేమంగా ఎక్కగల పడవ ఎలా కట్టాలన్నదే. అందుకే ఆ ఫైబర్ పడవల్లో ఇంజనును, పంకాను ఒడ్డు దగ్గరపడేసరికి పైకి లేపుకునే ఏర్పాటు చేశారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సహాయంగా వచ్చిన పడవల్లో ఫైబర్‌వే ఎక్కువ. దుంగ తెప్పలు ఒక్కొక్క పాలెంలో తగ్గిపోయి, ఫైబర్ పడవ, అవుట్‌బోర్డ్ మోటారు మామూలు సంగతి అయ్యాయి. తెప్ప కూడా పోలేదు, అదీ ఫైబర్‌లోకి మారింది. జువ్వలదిన్నెలో 2020 నవంబరులో శంకుస్థాపన చేసి కట్టిన ఫిషింగ్ హార్బర్ ఇప్పుడు ఈ లెక్కను మరో విధంగా మారుస్తోంది. నీళ్లలోనే కట్టేసుకునే పడవకు ఒడ్డున తోసేవాళ్లు అక్కర్లేదు. కానీ ఇంటికీ పడవకూ మధ్య దూరం పెరుగుతుంది, కాపలా ఖర్చు వస్తుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. మామ దగ్గర ఫైబర్ పడవ ఉంది, నలుగురైదుగురు ఎక్కేది. ఒకప్పుడు ఇద్దరు కొడుకులు, తోడల్లుడు, పక్కింటి కుర్రాడు కలిసి వేటకు పోయేవాళ్లు. పెద్దకొడుకు చెన్నైకి పనికి పోయాడు. చిన్నవాడు రొయ్యల చెరువుల దగ్గర నెలజీతానికి కుదిరాడు. తోడల్లుడికి మోకాళ్లు సహకరించడం లేదు. ఇప్పుడు ప్రతి వేటకూ మనుషుల కోసం ముందురోజు రాత్రి తిరగాలి. అల్లుడు ఒకనాడు నోరు తెరిచాడు.

"మామా, పడవ ఇచ్చేసి తెప్ప తీసుకుందాం. మనిద్దరం చాలు."

"పడవ ఉన్నోడి మాటకి ఒక విలువుంది అల్లుడా. తెప్పకి దిగితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురే గదా మామా, పొద్దున పడవ తొయ్యను రమ్మంటే రానిది."

అల్లుడి మాటలో కోపం ఉంది, లెక్క కూడా ఉంది. మామ మాటను మాత్రం బింకమని కొట్టిపారేయకండి. పడవ ఉన్నవాడికి ఇద్దరు ముగ్గురికి పని ఇచ్చే స్థానం ఉంటుంది. వేట డబ్బులో పడవకో వాటా, వలకో వాటా, మనుషులకు తలా ఒక వాటా పంచే చోట పడవ వాటా ఆ ఇంటికి వస్తుంది. పాలెం కట్టుబాట్లలో ఆయన మాట వింటారు. తెప్పకు దిగితే ఈ మూడూ తగ్గుతాయి. సరదా పడవవాళ్ల ఇంట్లో కూడా రూపం మారిందంతే. "మాకు సెయిల్‌బోట్ ఉంది" అని చెప్పుకోవడంలో ఒక సంతోషం ఉంది, కయాక్ అనగానే అది పిల్లల ఆటలా వినిపిస్తుందేమోనని లోపల గుంజాటన. ఈ గుంజాటనను దాచిపెట్టి వేసిన ఏ లెక్కయినా తప్పుతుంది. అందుకే కాగితం మీద దాన్ని కూడా ఒక పద్దుగా రాయమంటాను: పడవ వల్ల నాకు దొరికే గౌరవం ఎంత, ఆ గౌరవం కోసం నేను సంవత్సరంలో ఎన్ని రోజులు ఒడ్డునే కూర్చుంటున్నాను?

ఆ కాగితం ఎలా రాయాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిర్ణయం అక్కడే జరుగుతుంది. గడిచిన సంవత్సరాన్ని నెలలవారీగా తీసుకోండి. నీళ్లలోకి వెళ్లిన రోజులు గుర్తున్నంత వరకు రాయండి. వాటికంటే ముఖ్యమైనవి వెళ్దామనుకుని వెళ్లని రోజులు. అలాంటి ప్రతి రోజు పక్కనా ఎందుకు వెళ్లలేదో ఒక్క మాటలో రాయండి. గాలి అని రాయొచ్చు, మనిషి అని, డబ్బు అని, మనసు అని రాయొచ్చు. నిజాయితీగా రాస్తే ఏదో ఒక మాట పేజీ నిండా కనిపిస్తుంది.

ఎక్కువసార్లు గాలి అనే కనిపిస్తే చిన్న పడవ మీకు మేలు చేయదు. పెద్ద పడవను ఆపిన గాలి చిన్నదాన్ని ఇంకా ముందే ఆపుతుంది. మనిషి అనే కనిపిస్తే, అంటే తోడు దొరకక, తోసేవాళ్లు లేక ఆగిపోతుంటే, చిన్న పడవ దాదాపుగా మీ కోసమే ఉంది. డబ్బు అనే కనిపిస్తే డీజిల్‌కా, పడవ కట్టేసే చోటి అద్దెకా, మరమ్మతుకా అని ఇంకొక మెట్టు దిగి చూడాలి. ఒక్కోసారి పడవ మార్చకుండానే మోటారు చిన్నది చేసుకుంటే సరిపోతుంది. మనసు అన్న మాట పేజీ నిండా ఉంటే మాత్రం కాసేపు ఆగండి. వెళ్లబుద్ధి కానివాడికి తేలికైన పడవ ఇచ్చినా వెళ్లబుద్ధి కాదు. ఆ పడవ కూడా కొన్నాళ్లకు టార్పాలిన్ కిందికి చేరుతుంది. అక్కడ మారాల్సింది వేరే ఏదో.

మామ కాగితం మీద మనిషి అన్న మాటే నిండి ఉంటుందని నా ఊహ. టెక్సాస్‌లో ఇల్లు, ఉద్యోగం, పిల్లల సాకర్ క్లాసులు ఉన్న వ్యక్తి కాగితం మీద కూడా చాలాసార్లు అదే ఉంటుంది, కాకపోతే "ట్రెయిలర్ తగిలించడానికి, కొయ్య నిలబెట్టడానికి గంటన్నర" అన్న రూపంలో. గంటన్నర సన్నాహం కావాల్సిన పడవకు పూర్తిగా ఖాళీ అయిన శనివారం కావాలి. అరగంటలో నీళ్లలో పడే పడవకు ఆఫీసు అయ్యాక మిగిలిన సాయంత్రం చాలు. సంవత్సరంలో ఖాళీ శనివారాలు ఎన్ని, మిగిలిన సాయంత్రాలు ఎన్ని? మంచి రోజున ఏ పడవ బాగుంటుందని కాదు, మామూలు రోజున ఏది కదులుతుందని చూడాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కయాక్ అంటే తేలిక, సెయిల్‌బోట్ అంటే బరువు అని చూడకుండానే నమ్మేస్తారు. ఒలింపిక్స్‌లో ఆడే లేజర్, ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు, నాలుగు మీటర్ల పైచిలుకు పొడవున్న తెరచాప పడవ. దాని తొట్టి బరువు 59 కిలోలు. పక్క దోనెలు, తొక్కుడు రెక్కలు, కొయ్య, తెరచాప అన్నీ బిగించిన కొన్ని తెరచాప కయాక్‌లు 80 కిలోలు దాటుతాయి. రెండు తొట్లను కలిపి కట్టిన హోబీ 16 దాదాపు 145 కిలోలు. అంటే హోబీ 16 ఉన్నవాడు కయాక్‌కు మారితే నడుముకు నిజంగా ఊరట. లేజర్ ఉన్నవాడు మారితే బరువు పెరగవచ్చు. కాబట్టి కేటలాగు మీది ఖాళీ తొట్టి బరువు చూడకండి. నీళ్లలోకి దిగే క్షణాన అన్నీ బిగించి ఎంత ఉంటుందో అడగండి. రెండు చక్రాల బండి మీద ఇసుకలో ఒక్కరే లాగి చూడండి. తడి ఇసుక వేరు, పొడి ఇసుక వేరు. మధ్యాహ్నం అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు లాగాల్సింది పొడి ఇసుకలో, అదీ ఎగువకు.

ఇక గాలి సంగతి. మన తీరంలో తెరచాప వేటకు రోజు ఒక సహాయం చేసేది. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, దాని మీద వెళ్లేవాళ్లు. పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం నుంచి నేలకు తిరుగుతుంది, దాని మీద తిరిగొచ్చేవాళ్లు. చిన్న పడవ ఈ లయలో ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది. ఆ లయ తప్పే నెలల్లోనే చిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వాయుగుండాలు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ నేలను దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకుని 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన గే తుఫానుకు కావలి తుఫాను అనే పేరుండిపోయింది. ఈ మూడు నెలలను లెక్కలోంచి తీసేసే నిర్ణయం చేయండి. ఆ రోజుల్లో చిన్న పడవకు ఉన్న ఒకే మేలు ఏమిటంటే, హెచ్చరిక వచ్చిన రోజున దాన్ని ఒడ్డు నుంచి దూరంగా, ఇళ్ల దాకా మోసుకెళ్లవచ్చు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, చిన్న పడవల కోసం ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. అల ఎత్తు ఒక్కటే చూడదు, అల ఎంత నిటారుగా ఉంది, గాలి ఎంత త్వరగా పెరుగుతోంది అన్నవి కూడా పడవ వెడల్పుతో కలిపి చూస్తుంది. అంటే ఒకే రోజు ఒక పడవకు పర్వాలేదన్న సముద్రం దానికంటే సన్నటి పడవకు ప్రమాదం కావచ్చు. పడవ మార్చుకుంటే మీరు చూడాల్సిన హెచ్చరిక కూడా మారుతుంది. పాత పడవ అలవాటుతో కొత్త పడవను దించడం వల్ల జరిగే ప్రమాదాల గురించి నాకు నిజంగా భయం ఉంది, అందుకే దీన్ని గట్టిగా చెబుతున్నాను.

వేట కుటుంబాలకు ఇంకో రెండు సంగతులు. 1994 నాటి మన రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే ప్రత్యేకించారు. చిన్న తెప్ప తిరిగేది ఆ మేర లోపలే. కానీ మర పడవలు ఆ గీత దాటి లోపలికి రావడం, తమిళనాడులోని కడలూరు వైపు పడవలతో ఈ తీరంలో గొడవలు జరగడం మీకు తెలిసినవే. నీటికి జానెడు ఎత్తున కూర్చున్న మనిషి చీకట్లో పెద్ద పడవ సరంగుకు కనిపించడు. దీపం, ఎత్తయిన కర్రకు కట్టిన జెండా లేకుండా చిన్న పడవకు మారకండి. రెండో సంగతి వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట ఆపాలి. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఇందులో మినహాయింపు ఉంది. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. పడవ రకం మారితే రిజిస్ట్రేషన్ మారుతుంది, దానితో భృతి జాబితాలో మీ స్థానం కూడా మారవచ్చు. బేరం కుదిరాక కాదు, కుదరకముందే మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి మీ పేరు మీద ఏమవుతుందో అడిగి రాయించుకోండి.

చిన్న పడవ తీసుకుపోయేది కూడా నిండుగా చెప్పుకోవాలి. అందులో ఐస్ పెట్టెకు చోటు లేదు కాబట్టి వంజరం, చందువ పడిన రోజున కూడా తొందరగా తిరిగి రావాలి. పెద్ద వల పట్టదు. అన్నిటికంటే ఎక్కువగా, మూడో మనిషికి చోటు ఉండదు. పదహారేళ్ల కుర్రాడు వేట నేర్చుకునేది నలుగురు పెద్దవాళ్ల మధ్య మూలన కూర్చుని, వాళ్ల చేతులు చూసి. ఇద్దరి తెప్ప మీద నేర్పేవాడూ పనిచేయాల్సిందే, నేర్చుకునేవాడూ పనిచేయాల్సిందే. సరదా పడవలో కూడా అంతే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి కూర్చుని చీకటి పడేదాకా నీళ్ల మీద గడపడం కయాక్‌లో కుదరదు. పిల్లలు పదేళ్ల లోపువాళ్లయితే ఇంకో ఐదారేళ్లు పాత పడవను ఉంచుకోమనే నేను చెబుతాను, అది ఎక్కువ రోజులు ఒడ్డునే ఉన్నా సరే. ఆ కొద్ది సాయంత్రాలు మళ్లీ రావు.

చిన్నదానికి దిగి గెలిచినవాడి కథ కావాలంటే జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమన్‌ది ఉంది. 1955లో ఆయన దుంగను తొలిచి చేసిన పడవకు తెరచాప కట్టి అట్లాంటిక్ దాటాడు. మరుసటి ఏడాది అంతకంటే చిన్నదానితో, మడిచి సంచిలో పెట్టుకోగల క్లెప్పర్ కయాక్‌కు తెరచాప కట్టి, కానరీ దీవుల నుంచి 72 రోజుల్లో మళ్లీ దాటాడు. దారిలో అది బోల్తాపడితే రాత్రంతా బోర్లాపడిన పడవ మీద వేలాడాడు. బయల్దేరడానికి నెలల ముందు నుంచీ తనకు తాను ధైర్యం చెప్పుకునే మానసిక సాధన చేశాడు. వ్యక్తిత్వ వికాసం మాట్లాడేవాళ్లకు ఈ కథ ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ దీన్ని చిన్న పడవ మీద కూడా అన్నీ సాధ్యమేనన్న హామీగా తీసుకోకండి. ఒంటరి మనిషి ఎంత తట్టుకోగలడో తెలుసుకోవడం ఆయన పని. ఆ ప్రశ్నకు చిన్న పడవే సరైన సాధనం. మీ ప్రశ్న వేరు, అది సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి ప్రశ్న.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. పాత పడవ మీద ఇంతవరకు పెట్టినది ఎంతైనా ఈ నిర్ణయంలోకి రాకూడదు. పోయిన ఏడాది మోటారు బాగుకు పెట్టిన డబ్బు ఇప్పుడు దాన్ని ఉంచుకుంటే తిరిగి రాదు, అమ్మితే పోదు. చూడాల్సినవి ఇవాళ అది ఎంతకు పోతుంది, వచ్చే మూడేళ్లు దాన్ని ఉంచుకోవడానికి ఎంత అవుతుంది అన్నవే. నేరుగా మారకం బేరం వస్తే తొందరపడకండి. ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ విడివిడిగా ధర కట్టించుకున్నాకే కలిపి చూడండి. రెండు వస్తువులను ఒకే మాటలో బేరమాడితే నష్టం ఎక్కడుందో కనిపించదు.

ఇక పరీక్ష. జనవరి నుంచి మార్చి దాకా మన సముద్రం కాస్త నెమ్మదిగా ఉండే నెలల్లో, కొనకుండా, అరువుకో అద్దెకో తెచ్చుకుని నడిపి చూడండి. మొదటి పని అలలు లేని నిలకడ నీళ్లలో, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన ఇంకో పడవ ఉండగా కావాలనే బోల్తా వేయడం. ఒక్కరే దాన్ని తిప్పి, ఒక్కరే పైకి ఎక్కగలగాలి. లేజర్‌ను ఒక మనిషి కింది పలక మీద నిలబడి తిప్పగలడు. హోబీ 16ను బరువు తక్కువ మనిషి ఒంటరిగా తిప్పడం కష్టం. పక్క దోనెలున్న కయాక్ సులువుగా బోల్తాపడదు, కానీ పడితే తిప్పడం ఎలాగో ముందే నేర్చుకోవాలి. ఎక్కలేకపోయారా, మీ లెక్క ఎంత బాగున్నా ఆ పడవ మీది కాదు.

రెండో పని అలల వరస దాటి ఒడ్డుకు రావడం. దీన్ని ఆ ఒడ్డు ఎరిగిన వేట మనిషి పక్కన లేకుండా చేయకండి. తెరచాపను అలల వరసకు బయటే చుట్టేయాలి. చుక్కానిని, కింది పలకను పైకి లేపాలి, లేకపోతే ఇసుక తగిలి విరుగుతాయి. అలల గుంపులో పెద్దవి వెళ్లిపోయేదాకా బయట ఆగి, వెనక అల పడవ తోకను నేరుగా తాకేలా తెడ్డుతో పట్టుకుని రావాలి. పడవ అలకు అడ్డం తిరిగితే పొర్లుతుంది. పక్క దోనెల చేతులు మన తూర్పు తీరపు అలల్లో బలహీనమైన చోటు. జలాశయం మీద వాడే మనిషికి అవి వరం, తుమ్మలపెంటలో దిగే మనిషికి అవి లేని తొట్టి మేలని నా అభిప్రాయం.

ఈ రెండూ అయ్యాక కూడా కాగితం మీద మనిషి అన్న మాటే నిండి ఉంటే, మార్చండి. మామ స్థానంలో నేనుంటే పడవ ఇచ్చేసి తెప్పకు దిగుతాను. ఇద్దరే ఉన్న ఇంటికి ఇద్దరి పడవ కావాలి. కానీ ఆ పడవ మీద వాటా తీసుకుంటున్న వాళ్లు ఇంకా ఉంటారు, ఎప్పుడో ఒకసారైనా వచ్చే పక్కింటి కుర్రాడితో సహా. కొనేవాడికంటే ముందు ఈ సంగతి వాళ్ల చెవిన పడాలి. ఏప్రిల్ 15కి ముందే చెబితే, జూన్ 15న పడవలు మళ్లీ దిగేలోపు ఇంకో పడవలో చోటు చూసుకోవడానికి వాళ్లకు రెండు నెలలుంటాయి.